పని ఇచ్చేవాళ్లు అనుమానిస్తే మంచిదే

తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తుంది. రోజుకు గంట పని, ఫోన్ ఉంటే చాలు, అనుభవం అక్కర్లేదు, ఏ రోజు డబ్బు ఆ రోజే. పంపిన మనిషి చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఏం చదివారని అడగడు, ఇంతకుముందు ఏం చేశారని అడగడు. ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే మొదలుపెట్టండి మేడం’ అంటాడు. ఈ మెసేజ్‌లో అనుమానించాల్సింది జీతం అంకె ఒక్కటేనని చాలామంది అనుకుంటారు. అంతకంటే వింత సంగతి ఇంకొకటి ఉంది. డబ్బు ఇస్తానంటున్న ఆ మనిషికి ఎదుటివాళ్ల మీద ఏ అనుమానమూ లేదు.

నిజంగా పని చేయించుకోవాల్సిన మనిషి పరిస్థితి ఇలా ఉండదు. ముఖం కూడా చూడని, ఎక్కడో ఇంట్లో కూర్చున్న వాళ్లకు తన పని అప్పగించాలి. చెప్పిన రోజుకు ఇస్తారా, తప్పులు లేకుండా చేస్తారా, మధ్యలో ఫోన్ ఎత్తడం మానేస్తారా, కంపెనీ ఫైళ్లు బయటికి పోతాయా అని అతనికి బోలెడు భయాలు. అందుకే పాత పని నమూనాలు చూపించమంటాడు. చిన్న పరీక్ష పెడతాడు. వీడియో కాల్‌లో మాట్లాడతాడు. మొదట కొంచెం పని మాత్రమే ఇచ్చి చూస్తాడు. ఒక్కోసారి వారాల తరబడి జవాబే రాదు. ఇదంతా విసుగు పుట్టిస్తుంది, కానీ అసలైన పని దొరికే దారి ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది. మోసగాడికి ఈ భయాలేవీ ఉండవు, ఎందుకంటే అతనికి పని జరగాల్సిన అవసరమే లేదు. అతని భయమల్లా ఎదుటి మనిషి చేజారిపోతాడేమోనని. అందుకే బుజ్జగిస్తాడు, తొందరపెడతాడు, గంటగంటకీ పలకరిస్తాడు.

ఇంటి నుంచి పని అన్న ప్రకటన ఏది కనిపించినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ పని జరిగితే ఎవరికి లాభం? ఆ లాభంలోంచి చేసినవాళ్లకు ఎంత ఇవ్వగలరు? ఒక వీడియోకు సబ్‌టైటిల్స్ రాస్తే దాన్ని ఇంకో భాష వాళ్లు కూడా చూస్తారు, వీడియో తీసినవాళ్లకు లాభం. ఒక చిన్న వ్యాపారానికి నెలనెలా లెక్కలు రాసిపెడితే యజమానికి పన్నుల తలనొప్పి తగ్గుతుంది. పిల్లాడికి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబితే తల్లిదండ్రులు ఫీజు ఇస్తారు. వీటిలో డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో, ఎందుకు వస్తుందో కళ్లకు కనిపిస్తుంది. మరి వీడియోకు లైక్ కొట్టినందుకు ఎవరు ఇస్తారు? దొంగ లైకులు కావాలనుకునేవాళ్లు యంత్రాల చేత వేల లెక్కన, కారుచౌకగా కొట్టించుకుంటారు. ఒక్కో మనిషిని పలకరించి, శిక్షణ ఇచ్చి, రోజూ డబ్బు పంపాల్సిన ఖర్మ వాళ్లకు లేదు.

ఈ ప్రశ్న ఎంత పాతదో చెప్పడానికి కవర్లు నింపే పని గుర్తుచేసుకోవాలి. ఇంట్లో కూర్చుని ఉత్తరాలు కవర్లలో పెట్టి అంటిస్తే చాలు, కవరుకు ఇంత చొప్పున ఇస్తామని అమెరికాలో దాదాపు వందేళ్లుగా ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. వివరాల కోసం చిన్న ఫీజు కట్టాలి. కట్టినవాళ్లకు కవర్లేమీ రావు, ఒక కాగితం వస్తుంది. మీరు కూడా ఇలాంటి ప్రకటనే వేయండి, ఫీజు కట్టినవాళ్లకు ఇదే కాగితం పంపండి అని అందులో ఉంటుంది. నింపాల్సిన కవరు ఎక్కడా లేదు. అమ్ముడుపోతున్న సరుకు ఆ ప్రకటనే. కాలం మారింది, పోస్టు పోయి ఫోన్ వచ్చింది, అస్థిపంజరం మాత్రం మారలేదు.

టాస్క్ మోసం లోపల

ఇప్పటి మోసాల్లో అన్నిటికంటే వివరంగా తెలుసుకోవాల్సింది టాస్కుల మోసం, అంటే ఫోన్‌లో చేసే చిన్నచిన్న పనులు ఎర వేసి డబ్బు లాగడం. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2020లో దీని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. 2023లో 5,000 వచ్చాయి. 2024 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 20,000. ఆ ఆరు నెలల్లో అన్ని రకాల ఉద్యోగ మోసాల్లో కలిపి పోయిందని జనం చెప్పిన సొమ్ము 22 కోట్ల డాలర్లు దాటింది. ఇది ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క. సిగ్గుపడి ఊరుకున్నవాళ్లు ఇందులో లేరు.

మొదటి రోజు నిజంగానే డబ్బు వస్తుంది. చాలామందిని ముంచేది ఇదే. నాలుగు వీడియోలకు లైక్ కొట్టో, రెండు హోటళ్లకు రేటింగ్ ఇచ్చో స్క్రీన్‌షాట్ పంపితే చిన్న మొత్తం ఖాతాలో పడుతుంది. ‘మోసమైతే డబ్బు ఎందుకు ఇస్తారు’ అన్న మాట ఇక్కడే పుడుతుంది. ఆ డబ్బు మోసగాడి పెట్టుబడి. ఇంట్లోవాళ్లు అనుమానపడినా ‘చూడండి, పడింది కదా’ అని బాధితుల చేతే జవాబు చెప్పిస్తుంది.

చిన్న పనికి ఒప్పుకున్న మనిషి తర్వాత పెద్దదానికి ఎంత తేలిగ్గా ఒప్పుకుంటాడో చూపే ప్రయోగం ఒకటుంది. 1966లో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇళ్ల యజమానుల దగ్గరికి మనుషుల్ని పంపారు. జాగ్రత్తగా బండి నడపండి అని రాసిన పెద్ద, అందవికారమైన బోర్డు ఇంటి ముందు పాతనివ్వమని అడిగించారు. నేరుగా అడిగితే 17 శాతం మందే సరేనన్నారు. అంతకు రెండు వారాల ముందు ఇదే విషయం మీద చిన్న స్టిక్కరంత బోర్డు పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్లలో మాత్రం 76 శాతం మంది సరేనన్నారు. టాస్కుల మోసంలో మొదటి నాలుగు లైకులు ఆ చిన్న బోర్డు లాంటివి.

తర్వాత గ్రూపులో చేరుస్తారు. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఒక ‘మెంటర్’, పదో ఇరవయ్యో మంది సభ్యులు. ఒకరు ఇవాళ ఇంత వచ్చిందని స్క్రీన్‌షాట్ పెడతారు, ఇంకొకరు భయంగా ఉందంటారు, మూడో మనిషి ధైర్యం చెబుతాడు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది, ఒక్కోసారి కొత్తగా చేరిన ఒక్కరు తప్ప అందరూ, మోసగాళ్ల మనుషులే. ఆ ఒక్కరి కోసమే నాటకమంతా. పక్కనే ఒక వెబ్‌సైటో యాప్‌లో ఉండే వాలెట్టో ఇస్తారు. టాస్క్ పూర్తయిన ప్రతిసారీ అందులో అంకె పెరుగుతుంది. అరచేతిలో వైకుంఠం అంటే ఇదే. ఆ అంకె వెనక ఏ బ్యాంకూ లేదు, ఆ పేజీ తయారుచేసిన మనిషి ఏది టైప్ చేస్తే అదే కనిపిస్తుంది.

అసలు ఆట ‘ప్రీపెయిడ్ టాస్క్’తో మొదలవుతుంది. కొంత డబ్బు ముందు కడితే కమిషన్‌తో కలిపి తిరిగి ఇస్తామంటారు. మొదటిసారి ఇస్తారు కూడా. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పొంజీ చేసిందీ ఇలాంటిదే. 45 రోజుల్లో 50 శాతం లాభం అన్నాడు, వెనక వచ్చినవాళ్ల డబ్బుతో ముందు వచ్చినవాళ్లకు చెల్లించాడు, ఆ చెల్లింపులు చూసి ఊరంతా కదిలింది. ఇప్పటివాళ్లకు అంత మందిని పోగుచేయాల్సిన పని కూడా లేదు. ఒకే మనిషిని ఆ మనిషి డబ్బుతోనే నమ్మిస్తారు.

ఆ తర్వాత ఒక టాస్క్ మధ్యలో బ్యాలెన్స్ మైనస్‌లోకి పోతుంది. ‘మీకు కాంబో టాస్క్ పడింది, చాలా అదృష్టం, కమిషన్ ఎన్నో రెట్లు’ అంటారు. కానీ పూర్తి చేయాలంటే లోటు కట్టాలి. కడితే ఇంకో కాంబో, ఇంకా పెద్ద లోటు. ఆపేస్తానంటే అప్పటిదాకా వేసినదంతా లాక్ అయిపోతుందట. అన్నీ పూర్తిచేసి డబ్బు తీసుకుందామంటే పన్ను ముందు కట్టాలంటారు, అకౌంట్ ఫ్రీజ్ అయిందంటారు, క్రెడిట్ స్కోర్ పడిపోయిందంటారు. గ్రూపులోవాళ్లు ‘మీరు కట్టకపోవడం వల్ల మా డబ్బు కూడా ఆగిపోయింది’ అని మీద పడతారు. కొందరైతే ‘పాపం, నేను సగం సర్దుతాను, మిగతా సగం మీరు చూసుకోండి’ అని సాయం కూడా చేస్తారు! ఆ సాయం కూడా తెర మీది అంకే.

పోయిన చోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు. వస్తువు పోయినప్పుడు అది మంచి సలహా. ఇక్కడ మాత్రం అదే మనిషిని ఇంకా లోపలికి లాగుతుంది. ఇప్పటికే వేసిన డబ్బు రావాలంటే ఇంకొంచెం వేయాలి అనే ఆలోచన వల్లే ఒక రోజు జీతమంత నష్టంతో బయటపడాల్సిన మనిషి ఏళ్ల పొదుపు పోగొట్టుకుంటాడు. చదువుకున్నవాళ్లు కూడా ఎలా పడ్డారని వార్త చదివినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యంలో కొంత అన్యాయం ఉంది. మొత్తం కథ ఒకేసారి చదివితే ఎవరికైనా మోసమని తెలుస్తుంది. లోపల ఉన్న మనిషికి ఒక్కో మెట్టే కనిపిస్తుంది, ఏ మెట్టూ దానికదే పెద్ద పిచ్చిపనిలా ఉండదు.

అవతల కూర్చున్నవాళ్ల కథ ఇంకా చేదుగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఆన్‌లైన్ మోసాలు బలవంతంగా చేయాల్సిన స్థితిలో ఉండవచ్చు. వాళ్లలో చాలామంది మంచి జీతం ఉన్న ఉద్యోగమన్న ప్రకటన నమ్మి విమానం ఎక్కినవాళ్లే. పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి, రోజుకు ఇంతమందిని పడగొట్టాలని లక్ష్యాలు పెడతారు. వాట్సాప్ 2025 మొదటి ఆరు నెలల్లో ఇలాంటి కేంద్రాలతో సంబంధమున్న 68 లక్షలకు పైగా ఖాతాలు తొలగించినట్టు చెప్పింది. మర్యాదగా ‘మేడం’ అని మెసేజ్ పెట్టిన మనిషి కూడా ఒక దొంగ ఉద్యోగ ప్రకటనకు బలైనవాడే కావచ్చు.

అచ్చుతప్పులు చూసి పట్టుకోవచ్చా

భాషలో తప్పులు ఉంటే మోసమని గుర్తుపట్టవచ్చని చాలాకాలం చెప్పారు. దాని వెనక ఒక తర్కం ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో రాసిన పత్రంలో మోసపు ఉత్తరాలు అంత మొరటుగా ఎందుకుంటాయో వివరించాడు. అనుమానం ఉన్నవాళ్లు మొదట్లోనే నవ్వుకుని వెళ్లిపోతే మోసగాడికి సమయం మిగులుతుంది. ఆ మొరటుదనం దాటి వచ్చినవాళ్లే చివరిదాకా నమ్ముతారు. అంటే మొరటు మెసేజ్ ఒక జల్లెడ. కానీ ఇప్పుడు ఏ భాషలోనైనా తప్పుల్లేని వాక్యం రాసిపెట్టే సాధనాలు ఊరికే దొరుకుతున్నాయి. చక్కటి భాష, కంపెనీ లోగో, సంతకంతో ఉన్న ఆఫర్ లెటర్ నిమిషాల్లో తయారవుతాయి. కాబట్టి భాష బాగుందని నమ్మడానికి లేదు. అవతలి మనిషి అడిగే వాటి మీదే కన్నుండాలి.

డేటా ఎంట్రీ పేరుతో నడిచే మోసం వేరే రకం. ఇందులో పని ఉంటుంది, అది కూడా విపరీతంగా. చదవడానికి వీల్లేని వందల ఫారాలు ఇచ్చి, కొద్ది రోజుల్లో టైప్ చేయమని, ఇంత శాతం తప్పుల్లేకుండా ఉండాలని ఒప్పందం రాయించుకుంటారు. రాత్రింబవళ్లు కూర్చుని పూర్తి చేశాక రిపోర్ట్ వస్తుంది: ఫెయిల్. ఆ తర్వాత లాయరునంటూ ఒకడు ఫోన్ చేస్తాడు. ఒప్పందం తప్పారు, కేసు వేస్తున్నాం, పోలీసులు వస్తారు, పెనాల్టీ కడితే ఇక్కడితో ఆగుతుంది అంటాడు. పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టారనుకుంటే పొరపాటు. ఆ టైపింగ్ ఎవరికీ అక్కర్లేదు, భయపెట్టి వసూలు చేయడమే వ్యాపారం. టైపింగ్‌లో తప్పులు పడ్డాయన్నది, నిజంగా వివాదమే అయినా, రెండు పక్షాల మధ్య సివిల్ గొడవ. దానికి ఫోన్‌లో జరిమానా వసూలు చేసే కోర్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు టెన్షన్ పడి డబ్బు పంపేకంటే కాగితాలన్నీ పట్టుకుని తెలిసిన లాయరు దగ్గరికి వెళ్లడం మేలు.

డబ్బు పోవడం కంటే ప్రమాదమైనది ఖాతా అద్దెకివ్వడం. పేమెంట్ ప్రాసెసింగ్ అనో, ఫైనాన్స్ అసిస్టెంట్ అనో పేరు పెడతారు. మీ బ్యాంకు ఖాతాలోకి డబ్బు వస్తుంది, కొంత శాతం ఉంచుకుని మిగతాది చెప్పిన చోటికి పంపాలి. వినడానికి ఎవరికీ నష్టం లేని పని. ఆ వచ్చిన డబ్బు ఇంకో బాధితుడిది. పోలీసులు డబ్బు పోయిన దారి వెంట వెతుక్కుంటూ వస్తే మొదట తగిలేది ఈ ఖాతా పేరే. దొంగసొమ్ము అని తెలియదంటే చాలా దేశాల్లో అంత తేలిగ్గా వదలరు. ఖాతా స్తంభిస్తుంది, కేసు పడుతుంది, తర్వాత బ్యాంకులు ఖాతా తెరవనివ్వకపోవచ్చు. ఇంటికి వచ్చిన పార్సిళ్లకు కొత్త లేబుల్ అంటించి వేరే దేశానికి పంపే పని కూడా దీనికి తోబుట్టువే. దొంగిలించిన కార్డులతో కొన్న సరుకు అది. చెక్కులు ఇంకా వాడే దేశాల్లో మరో రకం ఉంది. సామాన్లు కొనుక్కోమని ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది వెనక్కి పంపమంటారు. చెక్కు తప్పుడుదని బ్యాంకు తేల్చేసరికి పంపినదంతా పోతుంది, చెక్కు మొత్తం బ్యాంకుకు బాకీ పడుతుంది.

మనుషుల్ని చేర్చితే కమిషన్ అనే పథకాల గురించి ఒక్క లెక్క చాలు. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలంటే పదకొండో మెట్టుకు 36 కోట్ల మంది కావాలి. పదమూడో మెట్టుకు 1,306 కోట్లు. అంతమంది భూమ్మీద లేరు.

అసలు పని ఎక్కడుంది

ఇంటి నుంచి చేసే పార్ట్‌టైమ్ పనులు నిజంగా ఉన్నాయి, రకరకాలుగా ఉన్నాయి. ఆడియో విని రాయడం, అనువాదం, సబ్‌టైటిల్స్, ట్యూషన్, చిన్న వ్యాపారాల లెక్కలు, కస్టమర్ సపోర్ట్, వీడియో ఎడిటింగ్, డిజైన్, వెబ్‌సైట్ల నిర్వహణ. ఈ మధ్య ఏఐ కంపెనీల కోసం డేటా లేబులింగ్ కూడా వచ్చింది. ఫొటోలో ఏముందో గుర్తించడం, చాట్‌బాట్ ఇచ్చిన జవాబుల్లో ఏది బాగుందో చెప్పడం, గొంతు రికార్డు చేసి పంపడం లాంటివి. మాతృభాష తప్పుల్లేకుండా రాయగలగడం కూడా ఇక్కడ నైపుణ్యమే. అయితే ఈ పని నిలకడగా ఉండదు. ఒక నెలంతా దొరికి తర్వాతి నెల చెప్పాపెట్టకుండా ప్రాజెక్టు ఆగిపోతుంది. దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేయడం తెలివైన పని కాదు.

చిన్నచిన్న ఆన్‌లైన్ పనుల్లో మోసం లేకపోయినా ఆదాయం ఎలా ఉంటుందో కళ్లు తెరిచి చూడాలి. అమెజాన్ 2005లో మెకానికల్ టర్క్ అనే వేదిక తెచ్చింది. మనుషులు చేయాల్సిన బుల్లి పనులు అందులో పెడతారు, ఎవరైనా తీసుకుని చేయవచ్చు. 2018లో కొందరు పరిశోధకులు అందులో 2,676 మంది చేసిన 38 లక్షల పనుల లెక్క తీశారు. సగం మందికి గంటకు దాదాపు 2 డాలర్ల లోపే మిగిలింది. అమెరికా కనీస వేతనమైన 7.25 డాలర్ల కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు 4 శాతమే. దానికి ఒక పెద్ద కారణం డబ్బు రాని సమయం. మంచి పని కోసం వెతకడం, మొదలుపెట్టి వదిలేయడం, చేశాక అవతలివాళ్లు తిరస్కరించడం, ఇవన్నీ లెక్కలో ఎవరూ వేసుకోరు. సర్వేల సైట్లు కూడా ఇంతే. నిజంగా చెల్లించేవి ఉన్నాయి, కానీ అవి ఇల్లు గడపడానికి సరిపోవు. ఏ పనినైనా వెతికిన సమయం, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిపి గంటకు ఎంత పడిందో ఒక నెల రాసుకుంటే ఉంచుకోవాలా వదిలేయాలా అన్నది కాగితమే చెబుతుంది.

కొంచెం నైపుణ్యమున్న పనులకు ఫ్రీలాన్స్ వేదికలున్నాయి, అంటే ఒక్కో పనికి విడిగా ఒప్పందం కుదిర్చే సైట్లు. 1999లో మొదలైన ఎలాన్స్, 2003లో వచ్చిన ఓడెస్క్ కలిసి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. ఫైవర్ 2010 నుంచి ఉంది. వీటి గొప్పతనం డబ్బు మధ్యలో పట్టుకోవడంలో ఉంది. ఒక పనికి ఇంత అని మాట్లాడుకున్నాక పని ఇచ్చినవాళ్లు ఆ మొత్తం ముందే వేదిక దగ్గర వేస్తారు, పని ఒప్పుకున్నాక చేసినవాళ్లకు అందుతుంది. ఇద్దరి అనుమానానికీ మందు అది. అందుకే అక్కడ తిరిగే మోసగాళ్లు మొదట చేసే పని బయటికి లాగడం. ‘మాట్లాడటానికి టెలిగ్రామ్‌లోకి రండి, కమిషన్ మిగులుతుంది’ అంటారు. బయటికి వెళ్లిన నిమిషం ఆ రక్షణ పోతుంది. ‘మీ అప్‌వర్క్ ఖాతా మాకు అద్దెకివ్వండి, నెలనెలా ఇంత’ అనేవాళ్లు కూడా ఉన్నారు. బ్యాంకు ఖాతా అద్దెకివ్వడానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

పని కోసం డబ్బు అడిగితే మోసం అనే సూత్రానికి ఇక్కడ చిన్న చిక్కు ఉంది. ఫైవర్ సంపాదనలో 20 శాతం కోసుకుంటుంది. అప్‌వర్క్‌లో పనికి దరఖాస్తు పెట్టాలంటే ‘కనెక్ట్స్’ అనే టోకెన్లు కావాలి, అవి అయిపోతే కొనుక్కోవాలి. మరి ఇవి మోసాలా? కావు. కమిషన్ సంపాదించాకే పోతుంది. టోకెన్ కొన్నందుకు పని గ్యారంటీ అని ఎవరూ అనరు, దాని ధర కూడా అందరికీ తెలిసేలా రాసి ఉంటుంది. మోసంలో ఫీజు ఎప్పుడూ ఒక ఖాయమైన ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ‘సెలెక్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్ కట్టండి’, ‘ల్యాప్‌టాప్ పంపుతున్నాం, డిపాజిట్ కట్టండి, మొదటి జీతంతో తిరిగి ఇస్తాం’. తిరిగి ఇస్తామన్న మాట వినపడిందంటే అక్కడే ఆగిపోవాలి. ఉద్యోగికి ల్యాప్‌టాప్ ఇచ్చే స్తోమతున్న కంపెనీకి ఆ ఉద్యోగి డిపాజిట్‌తో ఏం పని?

మొదటి పని మాత్రం చాలామందికి తెలిసినవాళ్ల ద్వారానే వస్తుంది. పాత ఆఫీసు, చదివిన కాలేజీ, పరిచయమున్న వ్యాపారి. రెండు మూడు నమూనాలు తయారుచేసి పెట్టుకుని, ఏ పని చేయగలరో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే నూరు ప్రకటనలకు దరఖాస్తు పెట్టడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఏ పనైనా చేస్తాను అనేవాళ్లను ఎవరూ పిలవరు. మోసగాళ్లు తప్ప.

పేరున్న కంపెనీ నుంచి ఆఫర్ వస్తే ఆ మెసేజ్‌లోని లింక్ నొక్కకుండా కంపెనీ సైట్‌ను విడిగా తెరిచి, ఉద్యోగాల పేజీలో ఆ పోస్టు ఉందో లేదో చూడాలి. అక్కడున్న నంబర్‌కే ఫోన్ చేయాలి. వెబ్ చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకోవాలి. ‘జాబ్స్.కంపెనీ.కామ్’ ఆ కంపెనీదే, ఎందుకంటే కామ్‌కు ఆనుకుని ఉన్న మాటే అసలు యజమాని. ‘కంపెనీ-జాబ్స్.కామ్’ అయితే ఎవరైనా కొనుక్కోగల వేరే పేరు. ఏ సైటు పేరు ఎప్పుడు నమోదైందో ఉచితంగా చూపించే సైట్లున్నాయి. ఇరవై ఏళ్ల కంపెనీ అని చెప్పుకునే సైటు పోయిన నెల పుట్టిందంటే ఇంకేం చూడనక్కర్లేదు. మాట్లాడుతున్న మనిషి ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ఒక్కోసారి అది వేరే దేశంలోని వేరే పేరున్న మనిషిదని తేలుతుంది.

గుర్తింపు కార్డులు, బ్యాంకు వివరాలు అసలు కంపెనీలూ అడుగుతాయి, కాదనలేం. కానీ ఇంటర్వ్యూలు అయ్యాక, ఒప్పంద పత్రం చేతికి వచ్చాక, తమ సొంత పోర్టల్‌లో అడుగుతాయి. పలకరింపు రోజునే చాట్‌లో ఫొటో తీసి పంపమనే కంపెనీ ఉండదు. ఓటీపీ, పాస్‌వర్డ్, స్క్రీన్ షేరింగ్, యాప్ స్టోర్‌లో లేని యాప్ ఇన్‌స్టాల్ చేయడం, వీటిలో ఏది అడిగినా మాట అక్కడితో ముగించవచ్చు. పని నిజమైనదే అయినా, పని ఇచ్చినవాళ్లు కొత్తవాళ్లయితే నెలంతా చేసి చివర్లో బిల్లు పెట్టకుండా పనిని ముక్కలు చేసుకుని, మొదటి ముక్క డబ్బు వచ్చాకే రెండోది మొదలుపెట్టడం మంచిది. దీనికి చిన్నబుచ్చుకునేవాళ్లతో పని చేయకపోతే నష్టమేమీ లేదు. వాళ్లకు అనుమానించే హక్కు ఎంత ఉందో చేసేవాళ్లకూ అంతే ఉంది.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే గంటలే లెక్క. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి లావాదేవీ ఆపమనాలి, ఆ తర్వాత సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు. డబ్బు చేరిన మొదటి ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారకముందే పట్టుకోగలిగితే కొంతైనా నిలుస్తుంది. క్రిప్టోలో పంపితే వెనక్కి రావడం చాలా కష్టం. కోపంతోనో సిగ్గుతోనో చాట్ చెరిపేయడం చాలామంది చేసే తప్పు. నంబర్లు, ఖాతాల వివరాలు, స్క్రీన్‌షాట్లు, గ్రూపు పేరు, అన్నీ దాచాలి, ఫిర్యాదుకు ఆధారం అవే. ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ చేయించి ఉంటే దాన్ని తీసేసి, ఇంకో ఫోన్‌లోంచో కంప్యూటర్‌లోంచో పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఇంట్లో ఒకరికైనా చెప్పాలి. మోసగాళ్లు రహస్యంగా ఉంచమన్నది ఇంట్లోవాళ్లు అడ్డుపడతారని తెలిసే.

కొన్ని వారాల తర్వాత ఇంకో ఫోన్ వచ్చే అవకాశం ఎక్కువ. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల జాబితాలు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. ఈసారి మాట్లాడే మనిషి తాను పోయిన డబ్బు రాబట్టే రికవరీ ఏజెంటుననో సైబర్ నిపుణుడిననో ప్రభుత్వ అధికారిననో చెప్పుకుంటాడు. ఎంత పోయిందో, ఏ రోజు పోయిందో కచ్చితంగా చెబుతాడు. మీ డబ్బు దొరికింది అంటాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు, మీరు నిజంగా బాధితులేనా అని ఒక్క ప్రశ్న కూడా వేయడు. ఫైలు కదలడానికి చిన్న ఫీజు మాత్రం ముందు కట్టాలంటాడు.